వెనక్కి తిప్పిన కుర్చీలు

తలుపు గడియ పడిన చప్పుడు దగ్గర పోయిన వారం మనం ఆగిపోయాం.

ఆక్లండ్ శివారు మాంగెరెలో ఆ చర్చి హాలు వెనక, పిల్లలకు బైబిలు కథలు చెప్పే చిన్న గదిలో లెసియేలి ఒక్కతే ఆటకు ముస్తాబవుతోంది. అవతల హాలు నిండుతోంది. ఆసుపత్రి బెంచీ మీద పరిచయమైన అయిదుగురు ఆడవాళ్ళు, రొమ్ము క్యాన్సర్ నుంచి బతికి బయటపడ్డవాళ్ళు, తమ కథను తామే నాట్యంగా కట్టుకున్నారు. దాన్ని ఆక్లండ్ ఊళ్ళో పెద్ద నాటకశాలలో ఆడాలంటే సోమవారానికల్లా అద్దె చెల్లించాలి. ఆ అద్దె కోసమే ఈ శనివారం మధ్యాహ్నం కచేరి. కచేరికి ఆయువుపట్టు లెసియేలి ఒంటరిగా ఆడే తౌఒలుంగ, వాళ్ళ దీవుల ఆడవాళ్ళ నాట్యం. భుజాలకూ చేతులకూ కొబ్బరినూనె దట్టంగా పూసుకుని ఆడుతుంటే అయినవాళ్ళంతా లేచి వచ్చి ఆ నూనె మీద నోట్లు అంటించి పోతారు. ఆమె అన్న కెలెపి, అతనితో కూర్చుని కావా వేళ్ళ రసం తాగే స్నేహితులు మనసుపెట్టి చేయి విప్పారా, అద్దె గట్టెక్కినట్టే. సరిగ్గా అప్పుడు, సముద్రం అవతలి సొంత దీవి వవావు నుంచి వచ్చి పదిరోజులుగా ఆమె ఇంట్లోనే ఉన్న మేనత్త అనసేని గదిలోకి వచ్చి గడియ వేసింది.

"కూర్చో," అంది అనసేని.

లెసియేలి కూర్చుంది. చంటిపిల్లల కోసం చేయించిన పొట్టి కుర్చీ అది, మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. అయినా మేనత్త నిలబడి ఉండగా తను ఎత్తులో కూర్చునే మాట ఎక్కడిది? పెళ్ళిలో మొదటి చాప ఆమెది, చావులో చివరి మాట ఆమెది. తండ్రి తోబుట్టువు ఔనంటే ఔను, కాదంటే కాదు.

అనసేని సంచిలోంచి సీసా తీసి మూత తిప్పింది. గదంతా మొహొకోయి పూల వాసన కమ్ముకుంది.

"నూనె నేనే తెచ్చాను. ఇక్కడి కొట్లలో అమ్మేది నూనెటే? సబ్బునీళ్ళు! చెయ్యి ఇలా పెట్టు."

కుడిచేతికి పూసింది. ముసలి చేతులైనా పట్టు గట్టిగా ఉంది. తరవాత ఎడమచెయ్యి అందుకుని ఆగింది.

"ఇదేమిటే, ఇంత లావు?"

"వాపు అత్తా. చంకలో బిళ్ళలు తీసేశారు కదా. నీరు కిందికి దిగదు."

"నొప్పా?"

"నొప్పి కాదు. బరువు. సియాలేని ఎత్తుకుంటే తెలుస్తుంది."

ఆ మాట అనగానే లెసియేలి ప్రాణం హాల్లోకి పోయింది. రెండేళ్ళ పిల్ల. పొద్దుట దగ్గింది. ఎవరి ఒళ్ళో ఉందో, ఎవరేం పెడుతున్నారో! పాలు మాన్పించిన పిల్ల, మాన్పించాల్సి వచ్చిన పిల్ల. చన్నులో గడ్డ తగిలినప్పుడు పాలు గడ్డకట్టాయన్నారు అందరూ. వేడి గుడ్డ వెయ్యమన్నారు. వేసింది కూడా. ఇప్పటికీ నిద్రలో సియాలే చెయ్యి వెతుక్కుంటూ వచ్చి, ఏమీ లేని చోట ఆగి, మళ్ళీ వెనక్కి పోతుంది. అలాంటప్పుడు లెసియేలి ఊపిరి బిగబట్టి పడుకుంటుంది. మొగుడు ఫెలేటి రాత్రి పనిలో ఉంటాడు. పక్కన ఎవరూ ఉండరు.

"ఆడు," అంది అనసేని నూనె రుద్దుతూ. "కాదనను. నీ కాళ్ళలో మా అమ్మ ఆట ఉంది. కానీ ఆ మాట మాత్రం హాల్లో వినపడకూడదు."

"ఏ మాట అత్తా?"

"నాతో నాటకాలాడకు."

దభదభా తలుపు చప్పుడైంది. అవతల పిసిలా గొంతు. అయిదుగురిలోనూ పెద్దది, మైకు పట్టుకునేదీ ఆమే.

"ఒసేయ్ లెసియేలీ! బతికున్నావా? చేమ ఆకుల్లో మాంసం మూటలు చల్లారిపోతున్నాయి, పాస్టరుగారు మూడోది తినేశాడు! డాక్టరు కోయకుండా నాకు మిగిల్చిన ఒక్కదాని మీద ఒట్టు, నువ్వు తొందరగా రాకపోతే నేనే నూనె పూసుకుని దిగుతా. అప్పుడు అంటించడం మాట దేవుడెరుగు, ఇచ్చినవి కూడా తిరిగి అడుగుతారు!"

లెసియేలికి నవ్వొచ్చింది. మేనత్త మొహం చూసి మింగేసింది.

"వస్తున్నా, పిసిలా అక్కా!"

అడుగుల చప్పుడు దూరమైంది.

"విన్నావా దాని నోరు?" అంది అనసేని. "మైకు ఇవ్వడానికి ఆ నోరే దొరికిందా మీకు? ముందు వరసలో కెలెపి ఉన్నాడు. వాడి వెనక వాడి మనుషులు. వాళ్ళలో ప్రతివాడికీ ఈ హాల్లో అక్కో, చెల్లెలో, పినతండ్రి కూతురో ఉంది. అక్కచెల్లెళ్ళు వింటుండగా ఆడవాళ్ళ ఒంటి మాట చెవిన పడితే ఏం చేస్తారు? లేస్తారు. లేచి పోతారు. పోవడమే మర్యాద. ఆ తరవాత ఖాళీ కుర్చీలకు ఆడతావా?"

అది లెసియేలికి చెప్పాల్సిన సంగతి కాదు. పదేళ్ళు నిండగానే అన్న పక్క విడిగా వేశారు. అప్పటినుంచి ఒకే గదిలో కూర్చుని టీవీ చూసింది లేదు, ఎదురుబొదురు కూర్చుని అన్నం తిన్నది లేదు. అది దూరం కాదు, గౌరవం. ఆమె అలాగే అనుకుంటూ పెరిగింది. ఆసుపత్రిలో పడుకున్నప్పుడు మాత్రం పక్క మంచం మనిషికి అన్నదమ్ములు వచ్చి, కాళ్ళ దగ్గర కూర్చుని, పత్తాలాడుతూ నవ్వించి పోతుంటే, దుప్పటి మొహం మీదికి లాక్కుని పడుకుంది. కెలెపికి ఫెలేటి చెప్పింది ఒకటే ముక్క: "ఆడవాళ్ళ ఆపరేషను." అతను తల దించుకున్నాడట. మరో మాట అడగలేదట. మర్నాడు ఇంటికి కాల్చిన పంది వచ్చింది, కర్రపెండలం బస్తా వచ్చింది. అన్న రాలేదు.

కచేరి కరపత్రం మీద కూడా "ఆడవాళ్ళ ఆరోగ్యం కోసం" అని మాత్రమే వేశారు. అనసేని వవావు నుంచి ఫోనులో పట్టుపట్టి వేయించిన మాటలవి.

"అత్తా," అంది లెసియేలి నెమ్మదిగా. "డాక్టరమ్మ నన్నొకటి అడిగింది. మొదటి రోజు అడిగింది, ఆపరేషను ముందు అడిగింది, ఇంటికి పంపేటప్పుడూ అడిగింది. మీ నాన్న వైపు ఆడవాళ్ళలో ఈ జబ్బు ఎవరికైనా ఉందా అని. ఎవరికీ లేదని చెప్పాను."

భుజం మీద తిరుగుతున్న చెయ్యి ఆగింది.

"సరిగ్గానే చెప్పాను కదా అత్తా?"

అనసేని సీసా కింద పెట్టింది. మూత పెట్టడం మరిచిపోయింది. బయట ఎవరో గిటారు శ్రుతి చేసుకుంటున్నారు. తీగ బిగుస్తోంది, వదులవుతోంది, మళ్ళీ బిగుస్తోంది.

"మా అక్క గుర్తుందా నీకు?"

"లుపె అత్తా? ఎందుకు గుర్తులేదు! కడుపులో నొప్పితో పోయింది. నాకు ఆరేళ్ళేమో. ఆవిడ గది ఎంత బాగుండేదో! ఎప్పుడు వెళ్ళినా సియాలే పూలే. మంచం మీద పూలు, కిటికీలో పూలు, దిండు కింద పూలు. ఆ వాసన మరిచిపోలేకే కదా నా కూతురికి ఆ పేరు పెట్టుకున్నాను."

"ఆ పూలు ఎవరు పెట్టేవాళ్ళు?"

"మీరే."

"ఎందుకు పెట్టేదాన్నో తెలుసా?"

లెసియేలికి మొదట అర్థం కాలేదు. తరవాత, ఆసుపత్రిలో ఒకామె మంచం చుట్టూ తెర లాగి, లోపల నర్సులు మూతికి గుడ్డ కట్టుకుని పుండు కడిగిన రోజు గుర్తొచ్చింది. ఆ వాసన గుర్తొచ్చింది. చన్ను పగిలిన వాసన. నూనె చేత్తో కుర్చీ అంచు పట్టుకుంది.

"కడుపునొప్పి కాదా?"

"పాతిపెట్టిన రోజు మీ నాన్న నన్నడిగాడు. అక్క దేనితో పోయిందీ అని. వాడు నా తమ్ముడు. వాడి మొహం మీద ఆ మాట ఎలా అననే? కడుపు అన్నాను. ఆనాటి నుంచి అందరికీ కడుపే." అనసేని గొంతులో తడి లేదు. చాలా కాలం కిందే ఎండిపోయినట్టుంది. "మీ నాన్న పోయేదాకా వాడికి తెలీదు. వాడికి తెలీనిది నీకెలా తెలుస్తుంది? కెలెపికెలా తెలుస్తుంది?"

లెసియేలి లేచి నిలబడింది. మేనత్త ముందు అలా చెప్పకుండా లేవడం ఆమె ఎరిగి ఇదే మొదలు.

"అత్తా, నర్సు ఏమందో తెలుసా? నాన్న వైపు నుంచి వచ్చేదయితే ముందు నీది, ఆపైన మీ అన్న రక్తం చూడాలి, తరవాత అతని పిల్లల్ని చూడాలి అంది. ఎవరూ లేరన్నాను కాబట్టి ఆ కాగితం పక్కన పెట్టేసింది. అన్నకు నలుగురు ఆడపిల్లలు! వదిన పోయాక ఆ ఇంట్లో చెప్పడానికి ఆడదిక్కు కూడా లేదు. మన సంగతి చాలదన్నట్టు వాళ్ళు కూడా..."

"ఆ పిల్లలకు చాటుగా నువ్వు చెప్పుకో. మేనత్తవి."

"చెప్తాను. అన్నకెవరు చెప్తారు? రక్తం ఇవ్వాల్సింది అన్న. చెల్లెల్ని, నేను చెప్పలేను. మీరు చెప్పొచ్చు. ఈ మనుషులందరిలో మీరొక్కరే చెప్పొచ్చు. మీరు కూర్చో అంటే అన్న కూర్చోవాల్సిందే కదా!"

"ఆ మాట వినపడ్డ చోట మగపిల్లాడు కూర్చోగా నేను చూడలేదు. కూర్చోమని నేను అనను. అనకూడదు." అనసేని సంచి భుజాన వేసుకుంది, సీసా కిందే ఉండిపోయింది. గడియ తీసి, వెనక్కి తిరక్కుండా అంది: "ఎడమ భుజం వెనక ఇంకా పూయలేదు. నోటు నిలవదు."

తలుపు తెరుచుకుంది, మూసుకుంది.

గోడ మీద పిల్లలు రంగులు వేసిన ఓడ బొమ్మ. ఓడ నిండా జంతువులు జతలు జతలుగా ఉన్నాయి. లెసియేలి వాటికేసి చూస్తూ సీసా అందుకుంది. ఎడమ భుజం వెనక్కి చెయ్యి అందదు, వాపు చెయ్యి అంత పైకి లేవదు. కుడిచేత్తో ఎంత ప్రయత్నించినా వేళ్ళు అంచు దాకానే పోయాయి. నూనె పూసే చెయ్యి ఒకటి కావాలి, అంతే కదా. ఆ ఒక్కటే లేదు. లుపె అత్త కూడా ఇలాగే ఆ పూల మధ్య పడుకుని గోడకేసి చూసి ఉంటుంది. తమ్ముడు గుమ్మం దాకా వచ్చి పోతుంటే ఆ అడుగుల చప్పుడు వింటూ ఉండి ఉంటుంది.

పిసిలా తలుపు తోసుకుని వచ్చేసింది. "ముసలమ్మ మొహం అలా పెట్టుకుని పోయిందేమిటే? నిన్ను కొట్టిందా?"

"భుజం వెనక నూనె పుయ్యి అక్కా."

పిసిలా అరచేయి వెచ్చగా తగిలింది. పూస్తూనే అడిగింది: "మరి నేనేం చెప్పను మైకులో? మీ అత్త నన్ను పొద్దుటే బెదిరించింది. 'ఇదిగో మన లెసియేలి, ఆరోగ్యం కోసం' అని గొణిగి ఊరుకోమంటావా?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పు. జబ్బు పేరుతో సహా."

పిసిలా చెయ్యి ఆగిపోయింది. జోకులు ఆగిపోయాయి.

"లేచిపోతారే వాళ్ళు."

"తెలుసు."

"తెలుసంటే సరిపోదు. నీ అన్న పోతే వెనక అందరూ పోతారు, సోమవారం పోతుంది, నాటకశాల పోతుంది. నాకు మందు ఎక్కిస్తున్నప్పుడల్లా ఆ స్టేజీ తలుచుకుని పళ్ళు బిగించుకున్నాను నేను. మనం అయిదుగురం. నువ్వొక్కదానివే 'పోతే పోనీ' అనడానికి ఇది నీ ఇంటి పెళ్ళి కాదు."

లెసియేలి చెప్పింది. లుపె అత్త సంగతి, పూల సంగతి, కెలెపి పిల్లల సంగతి. మాటలు కూర్చుకోకుండా, ముందూ వెనకా లేకుండా చెప్పింది. పిసిలా విన్నది. విన్నంతసేపూ భుజం మీద నూనె రుద్దుతూనే ఉంది, అక్కడ రుద్దాల్సినదేమీ లేకపోయినా.

"నా మైకు, నా నోరు," అంది చివరికి. "పద. నవ్వు మొహం పెట్టు, ఆట నవ్వకుండా ఆడితే దయ్యాలు కూడా డబ్బివ్వవు."

హాలు వేడిగా ఉంది. చాపలు పరిచిన నడి స్థలం మాత్రం ఖాళీ. లెసియేలి చెట్టు బెరడు బట్టలో, నడుముకు పూల పటకాతో, జడలో ఈకలతో వచ్చి నిలబడగానే ఆడవాళ్ళ వైపు నుంచి కేకలు లేచాయి. కెలెపి పెద్ద కూతురు వికా ఒళ్ళో సియాలే కనిపించింది. ఏదో నములుతోంది. దగ్గడం లేదు. అమ్మయ్య. ఎదురు వరసలో కెలెపి. తలకు నీళ్ళు పెట్టి దువ్వుకుని, మర్యాద కోసం నడుముకు చాప కట్టుకుని, చేతిలో అంటించడానికి తెచ్చిన నోట్ల మడతతో. చెల్లెలికేసి సూటిగా చూడకుండా, ఆమె పాదాల దగ్గర చాపకేసి చూస్తూ కూర్చున్నాడు. చిన్నప్పటినుంచీ అంతే.

అనసేని గోడ పక్కన ఒక్కతే నిలబడి ఉంది. ఎవరో కుర్చీ ఇస్తే వద్దంది.

గిటారు మొదలైంది. లెసియేలి మోకాళ్ళు దగ్గరగా పెట్టి, తల ఒక పక్కకు వాల్చి, చేతులు విప్పింది. కుడిచెయ్యి పక్షిలా లేచింది. ఎడమచెయ్యి దాని వెనక, కాస్త ఆలస్యంగా.

పిసిలా మైకు దగ్గర గొంతు సవరించుకుంది.

"ఈ పిల్ల మీకందరికీ తెలుసు. ఈమెకు ఏమైందో మాత్రం తెలీదు. ఎందుకంటే మేమెవరం చెప్పలేదు. ఈమెకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. నాకూ వచ్చింది. ఈ ఆట దాని గురించే."

పాట ఆగలేదు, కానీ పాడే గొంతులు సగానికి సగం తగ్గిపోయాయి. తరవాత కుర్చీ కాలు ఒకటి నేలకు రాసుకుంది. కెలెపి లేచాడు. తల బాగా దించుకుని, ఎవరినీ చూడకుండా, ద్వారం వైపు నడిచాడు. అతని వెనక ఒకరు, ఆ వెనక ఇద్దరు, ఆపైన వరస వరసంతా. ఎవరి మొహంలోనూ కోపం లేదు. అదే కష్టంగా ఉంది. కోపం ఉంటే తిట్టుకోవచ్చు. వాళ్ళు ఆమెను గౌరవించే బయటికి పోతున్నారు.

లెసియేలి ఆడుతూనే ఉంది. మొహం మీద నవ్వు అలాగే ఉంది. ఖాళీ అవుతున్న వరస మీదుగా చేతులు అలలా ఆడిస్తూ, ఒక్క నోటు కూడా అంటని నూనె భుజాలతో, ఆ నడి స్థలంలో ఇంత పెద్దదిగా ఎప్పుడూ అనిపించని చాప మీద తిరుగుతోంది. వికా ఒళ్ళోంచి సియాలే "అమ్మా" అంది. ఎంత చిన్న గొంతయినా హాలంతా వినపడింది.

"కెలెపీ."

అనసేని గొంతు. మైకు అక్కర్లేని గొంతు.

కెలెపి తలుపు మీద చెయ్యి వేసి ఆగాడు.

"కూర్చో."

"అత్తా..." అతను వెనక్కి తిరగలేదు. అంత మనిషి గొంతు పసివాడిలా అయిపోయింది. "నావల్ల కాదు అత్తా. చెల్లెలుంది."

"నాకు కళ్ళు లేవనుకున్నావా? చెల్లెలుందని తెలిసే అంటున్నాను. కూర్చో."

అతని వెనక నిలబడ్డవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ మాట విన్నాక ఉండకూడదు, ఈ మనిషి అన్నాక పోకూడదు. ఇలాంటి ఇరకాటం వాళ్ళ తాతల కాలంలో కూడా ఎవరికీ వచ్చి ఉండదు. చివరికి కెలెపి దగ్గర్లో ఉన్న కుర్చీ ఒకటి పట్టుకుని, దాన్ని తలుపు వైపు తిప్పి, చెల్లెలికి వీపు పెట్టి కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

మరొకతను తన కుర్చీ తిప్పుకున్నాడు. ఇంకొకతను. హాలు నిండా కుర్చీలు వెనక్కి తిరుగుతున్న చప్పుడు. కాసేపటికి మగవాళ్ళ వరసలన్నీ వెడల్పాటి వీపులై కూర్చున్నాయి. ఒక్కరూ బయటికి పోలేదు.

అనసేని నడిచి వచ్చి పిసిలా చేతిలోంచి మైకు తీసుకుంది. దాన్నెలా పట్టుకోవాలో తెలీక గడ్డానికి ఆనించుకుంది.

"నువ్వు ఆడుతూ ఉండు," అంది లెసియేలితో. తరవాత ఆ వీపులకేసి తిరిగింది. "కెలెపీ, నీకు పెద్దమేనత్త ఉండేది. లుపె. కడుపునొప్పితో పోయిందని మీ నాన్నకు నేనే చెప్పాను. అబద్ధం చెప్పాను. ఇప్పుడు ఈ పిసిలా అన్న జబ్బుతోనే పోయింది. నీ పిల్లలు నలుగురూ దాని రక్తమే. నీ రక్తం చూడాలట. చూపించుకో."

కెలెపి వీపు కదల్లేదు. మెడ మాత్రం వంగింది.

మైకు ఇచ్చేస్తుందనుకుని పిసిలా చెయ్యి చాచింది. అనసేని ఇవ్వలేదు. ఆడుతున్న లెసియేలికి మేనత్త మొహం పక్కనుంచి కనిపిస్తోంది. పెదవులు ఏదో మాటను పట్టుకుని ఆపుతున్నట్టున్నాయి.

"అందరూ నేను ఈ ఆట చూడ్డానికి వవావు నుంచి వచ్చాననుకుంటున్నారు," అంది. మైకు కొంచెం కిందికి జారింది, గొంతు సన్నగిల్లింది. "ఆట కోసం రాలేదు నేను. వచ్చి పదిరోజులైంది. ఈ పిల్ల ఇంట్లో, ఈ పిల్ల పక్క గదిలో, రోజూ చెబుదామనుకుని పడుకుంటున్నాను. లుపె ఒక్కతే కాదు."

ఆమె ఖాళీగా ఉన్న చెయ్యి మెల్లగా లేచి చంక కింద గడ్డ ఉన్న చోట ఆగింది.

గిటారు ఆగిపోయింది. లెసియేలి చేతులు గాలిలోనే ఉండిపోయాయి. ఆ నిశ్శబ్దంలో, వెనక్కి తిరిగి ఉన్న వరసల్లోంచి ఒక కుర్చీ నేలకు రాసుకుంటూ కదిలింది. కెలెపి లేచి నిలబడ్డాడు. మొహం ఇంకా తలుపు వైపే ఉంది.